మూడు తీగలవాడు

నాది మూడు తీగల కోంట్రా.
నాలుగోది తెగిపోలేదు, ఎప్పుడూ లేదు.
తీగల్ని మోసే గుర్రాన్ని కత్తితో నేనే చదునుగా చెక్కుకున్నాను,
ఏ తీగా ఒంటరిగా పలకకుండా,
కమాను పడితే మూడూ ఒక్కసారే మూలిగేలా.
పాట నాది కాదు.
పాట అంబ్రుష్‌ది.
నేను దాని కింద నేల.

ముప్పయ్యొక్క ఏళ్లు అతని మోచేతి వెనకే నిలబడ్డాను.
మొహంకన్నా ఆ మోచేయే నాకు బాగా తెలుసు.
కాస్త లేచిందా, స్వరం మారుతుంది.
ఒంటికి అతుక్కుందా,
పెళ్లికూతురి తండ్రి ఇంకో నిమిషంలో ఏడుస్తాడు.

మా కొండల్లో ప్రతి మనిషికీ ఓ పాట ఉంటుంది,
పుట్టుమచ్చలా.
ప్లమ్ సారా రెండు గ్లాసులయ్యాక బల్ల గుద్ది అడుగుతాడు:
"నాది వాయించు."
ఏదని చెప్పనక్కర్లేదు, అంబ్రుష్‌కి తెలుసు.
హంగేరీవాళ్లవి, రొమేనియావాళ్లవి,
తాతలనాడు రైలెక్కించి తీసుకుపోయిన
గడియారాల యూదుడిది కూడా.
అది అడిగేవాడెవడూ మిగల్లేదు.
ఏడాదికోసారి, కొట్టు మూసే వేళ,
ఓ ఖాళీ కుర్చీకి వాయించేవాడు.

మనిషి పోతే ఆ పాటే గొయ్యిదాకా తోడు.
విందులో మమ్మల్ని వంటింటి గుమ్మం దాటనివ్వనివాళ్లే
చావులో ముందు నడవమంటారు.

బుడాపెస్ట్ నుంచి ఓ కుర్రాడు యంత్రం పట్టుకొచ్చాడు ఒకసారి.
"వయొలిన్ అంటే మీకేమిటి?"
అంబ్రుష్ చాలాసేపు ఆలోచించాడు.
"ఐదుగురు పిల్లల రొట్టె," అన్నాడు.
కుర్రాడి మొహం చూసి జాలేసినట్టుంది,
"రాసుకో, ఆత్మ అని కూడా రాసుకో,
దానికి వేరే డబ్బు."

గొప్ప వయొలినేం కాదు.
వెనక చెక్క రెండుచోట్ల అతుకు.
ఇలోనాకి జ్వరమొచ్చిన చలికాలం అది తాకట్టులో ఉంది.
ఆ ఆరు వారాలూ నిద్రలో
అతని వేళ్లు రొజాలియా చేతి మీద నడిచేవట,
ఎవరి పాటో తేలక ఆమె మేలుకుని వినేదట.
దవడ కింద గోధుమరంగు కాయ కాచింది అతనికి.
అక్కడ ముద్దు పెట్టబోయి గుగ్గిలం పొడికి తుమ్మేదాన్నని
చెప్పి నవ్వింది మొన్న,
శవం పక్కన కూర్చుని.

మార్చి నెల. మోకాలిలోతు బురద.
పెట్టె మోసేవాళ్లు నా వైపు చూశారు.
పక్క ఊరి నుంచి వచ్చిన చిన్నోడు
వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని గుసగుసగా అడిగాడు:
"ఏది వాయించను? ఆయనది ఏది?"

ఎవరికీ తెలీదు.
ఊరందరి పాటలూ మోసినవాణ్ణి
నీదేదని ఎవరూ అడగలేదు.
నేనడిగాను ఒక్కసారి, బండి మీద, తెల్లవారుజామున.
బిరడా బిగిస్తూ అన్నాడు,
"నాదా? చలి ఎక్కువగా ఉంది, పోనియ్యి."

చిన్నోణ్ణి దించెయ్యమన్నాను.
దేనెష్ బాస్ మీద కమాను వేశాడు.
నేను నా మూడు తీగలూ.
గోడలున్నాయి, పైన కప్పు లేదు.
అలాగే నడిచాం, పాట లేకుండా, పాట కింది నేలతోనే.
ఎవరో ముసలామె సిలువ గీసుకుంది.
ఎవరో మొహం తిప్పుకున్నారు, మేం తప్పు చేస్తున్నట్టు.

చెరువుగట్టు మలుపులో
నా ముందు, గాల్లో, లేని మోచేయి లేచింది.
నా చేయి స్వరం మార్చింది.
దేనెష్ కూడా మార్చాడు, నన్ను చూడకుండానే.
మళ్లీ లేచింది.
మళ్లీ.
ఎన్నడూ వాయించని దారిలో
మా ఇద్దరి చేతులూ తడబడకుండా నడిచాయి గొయ్యిదాకా.

తిరుగుదారిలో బాస్‌ని వీపు మీద సర్దుకుంటూ
దేనెష్ అడిగాడు:
"ఏం పాట అది?"

చలి ఎక్కువగా ఉంది,
నడువు, అన్నాను.